ఎమ్మెస్ ఉన్నవారి రోజువారీ నడకను కొలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో, అంటే అందరూ ఎమ్మెస్ అనే జబ్బుతో ఉన్న తెలుగు కుటుంబాలను ఫిజియోథెరపిస్టుగా తరచూ కలుస్తుంటాను. ఉద్యోగానికి వచ్చి ఇక్కడే జబ్బు బయటపడినవాళ్లు కొందరు. హిందూపురం, అనంతపురం, మదనపల్లె నుంచి చూపించుకోవడానికి వచ్చేవాళ్లు ఇంకొందరు. నడక గురించి అందరి నోటా దాదాపు ఇవే సందేహాలు వస్తాయి. డాక్టరుగారి గదిలో అడగడానికి సమయం చాలదు, బయటికొచ్చాక గుర్తొస్తాయి. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. వరసగా చదవాల్సిన పని లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. మందులు మొదలుపెట్టడం, మార్చడం, ఆపడం మాత్రం మీ న్యూరాలజిస్టు చెప్పినట్టే జరగాలి.

## జబ్బు కొత్తగా తెలిసినప్పుడు

ఎమ్మెస్ అన్నారు కానీ నేను మామూలుగానే నడుస్తున్నాను. ఇప్పటినుంచే కొలవడం ఎందుకు?

బాగున్నప్పటి కొలత తర్వాత ఎంత కావాలన్నా దొరకదు, అందుకని. మూడేళ్ల తర్వాత "మునుపటికంటే నెమ్మదించానేమో" అని మీకు అనుమానం వస్తుంది. అప్పుడు పోల్చి చూడటానికి బాగున్న రోజుల అంకె చేతిలో ఉండాలి. ఎమ్మెస్‌లో నడక చాలామందికి ఒక్కసారిగా పడిపోదు, కొద్దికొద్దిగా తగ్గుతుంది. ఆ కొద్ది తేడాను ఇంట్లోవాళ్లు గమనించరు, మీరూ అలవాటు పడిపోతారు. ఒక్కరోజు పది నిమిషాలు కేటాయించి కొలిచి, తేదీ వేసి ఫైల్లో పెట్టుకోండి. చాలు.

ఎమ్మెస్ వస్తే నడకే ఎందుకు దెబ్బతింటుంది? అందరికీ ఒకేలా ఉంటుందా?

మెదడు, వెన్నుపాములోని నరాల తంతువుల మీద మైలిన్ అనే పొర ఉంటుంది. ఎమ్మెస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే ఆ పొర మీద దాడి చేస్తుంది. దాంతో మెదడు నుంచి కాళ్లకు వెళ్లే సంకేతాలు, కాళ్ల నుంచి మెదడుకు వచ్చే కబురు నెమ్మదిస్తాయి, కొన్నిచోట్ల ఆగిపోతాయి.

దెబ్బ ఎక్కడ తగిలిందన్నదాన్ని బట్టి ఇబ్బంది మారుతుంది. ఒకరికి కాలు బలం తగ్గుతుంది. ఇంకొకరికి బలం ఉన్నా కండరాలు బిగుసుకుపోయి మోకాలు వంగదు. పాదం ముందుభాగం పైకి లేవక వేళ్లు నేలకు రాసుకునే ఫుట్ డ్రాప్ కొందరికి. చిన్నమెదడు దెబ్బతిన్నవాళ్లు తూలుతూ నడుస్తారు. అరికాళ్లకు స్పర్శ తగ్గినవాళ్లు పగలు బాగానే నడిచి, చీకట్లో తడబడతారు. చూపు మసకబారడం, విపరీతమైన అలసట, మూత్రం ఆపుకోలేక తొందరపడటం కూడా నడకను మార్చేస్తాయి. ఇన్ని కారణాలు ఉన్నప్పుడు ఒకే ఒక్క అంకెతో నడక మొత్తం తెలియదు. రెండుమూడు రకాలుగా కొలిచేది అందుకే.

"ఆగకుండా ఎంత దూరం నడవగలరు?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియట్లేదు. అంచనాగా చెప్పేస్తే సరిపోతుందా?

అంచనా దాదాపు ఎప్పుడూ తప్పుతుంది. అలవాటైన దారి దగ్గరగా అనిపిస్తుంది, అలసిన రోజు అదే దారి దూరం అనిపిస్తుంది. డాక్టరుగారి లెక్కలో 500, 300, 200, 100 మీటర్ల మధ్య తేడా పెద్దది, కాబట్టి కొలిచి చెప్పడమే మంచిది.

మీ అపార్ట్‌మెంట్ చుట్టూ ఒక రౌండు ఎన్ని మీటర్లో ఫోన్ మ్యాప్‌లో ఒకసారి చూసి పెట్టుకోండి. గేటు నుంచి పాల బూత్ దాకా, ఇంటి నుంచి బస్టాపు దాకా కూడా అలాగే చూడండి. అప్పుడు "ఒకటిన్నర రౌండ్ల తర్వాత కూర్చోవాల్సి వస్తోంది, రౌండు 180 మీటర్లు" అని చెప్పగలుగుతారు. ఆగింది ఎందుకో కూడా చెప్పండి: కాలు లాగిందా, అలసటా, నొప్పా, మూత్రమా.

## ఆస్పత్రిలో చేసే పరీక్షలు

రిపోర్టులో ఈడీఎస్ఎస్ 4 అని రాశారు. 10కి 4 మార్కులా?

మార్కులు కావు, ఇక్కడ అంకె పెరిగే కొద్దీ ఇబ్బంది పెరిగినట్టు. ఈడీఎస్ఎస్ అనేది 0 నుంచి 10 దాకా ఉండే వైకల్య కొలమానం. కర్ట్‌జ్కీ అనే అమెరికన్ న్యూరాలజిస్టు 1983లో ఇప్పటి రూపంలో ప్రచురించారు. ప్రపంచమంతా నేటికీ వాడుతున్నారు.

కింది మెట్లలో చూపు, బలం, స్పర్శ, సమన్వయం వంటివి విడివిడిగా పరీక్షించి అంకె వేస్తారు. 4 దాటాక నడిచే దూరానిదే పెత్తనం. సాయం లేకుండా, ఆగకుండా సుమారు 500 మీటర్లు నడిస్తే 4. దాదాపు 300 మీటర్లయితే 4.5, 200 అయితే 5, 100 అయితే 5.5. ఒక పక్క కర్ర సాయంతో 100 మీటర్లు నడిస్తే 6. రెండు పక్కలా సాయంతో 20 మీటర్లు నడిస్తే 6.5. సాయం ఉన్నా 5 మీటర్లకు మించి నడవలేకపోతే 7.

నాకు ఈ కొలమానంతో ఉన్న పేచీ ఒకటే. మెట్ల మధ్య దూరం సమానం కాదు. 1 నుంచి 2కి, 5.5 నుంచి 6కి మారడం జీవితంలో ఒకేలాంటి మార్పులు కావు. పైగా ఒకే మెట్టు మీద ఉన్నట్టు కనిపిస్తూనే మనిషి రోజువారీ నడక చాలా తగ్గిపోవచ్చు. అందుకని "ఈడీఎస్ఎస్ మారలేదు కదా" అన్నంత మాత్రాన మీ ఇబ్బంది అబద్ధం అయిపోదు.

కారిడార్‌లో గీత నుంచి గీత దాకా వేగంగా నడవమన్నారు. అంత చిన్న దూరంతో ఏం తెలుస్తుంది?

దాన్ని 25 అడుగుల నడక పరీక్ష అంటారు. దూరం 7.62 మీటర్లు. పడిపోకుండా ఎంత వేగంగా నడవగలిగితే అంత వేగంగా నడవాలి. రెండుసార్లు నడిపించి సగటు తీస్తారు. రోజూ వాడే కర్ర గానీ వాకర్ గానీ ఉంటే దానితోనే నడవాలి.

చిన్న దూరమే అయినా పనికొచ్చే పరీక్ష. అందరికీ సాధ్యం, నిమిషంలో అయిపోతుంది, వేర్వేరు రోజుల్లో చేసినా ఫలితం పెద్దగా ఊగిసలాడదు. 6 సెకన్లు దాటినవాళ్లలో ఉద్యోగం చేయడం కష్టమవడం, 8 సెకన్లు దాటినవాళ్లలో ఇంటి పనులకూ నడకకూ ఇతరుల సాయం అవసరమవడం ఎక్కువగా కనిపిస్తాయని పరిశోధనల్లో తేలింది. 8 సెకన్లంటే సెకనుకు మీటరు కంటే తక్కువ వేగం. ఆ వేగంతో మన నాలుగు లేన్ల రోడ్డు సిగ్నల్ పడేలోగా దాటడం టెన్షన్‌గానే ఉంటుంది. అయితే ఓపిక ఎంతసేపు నిలుస్తుందో మాత్రం ఈ పరీక్ష చెప్పలేదు.

ఆరు నిమిషాలు ఆపకుండా నడిపించారు. చివరికి కాళ్లు లాగేశాయి. ఇంత కష్టపెట్టాలా?

ఆ కాళ్లు లాగడాన్ని చూడటానికే ఆ పరీక్ష. ఎమ్మెస్ ఉన్న చాలామంది మొదటి నిమిషం బాగా నడిచి, నాలుగో నిమిషానికి నెమ్మదిస్తారు. పాదం ఈడ్వడం అప్పుడే మొదలవుతుంది. చిన్న దూరపు పరీక్షలో ఇది బయటపడదు. ఆరు నిమిషాల్లో మొత్తం ఎన్ని మీటర్లు నడిచారన్నదే ఫలితం. నిమిషం నిమిషానికీ ఎంత తగ్గిందో కూడా రాయమని అడగండి, అది చాలా విలువైన సమాచారం. మధ్యలో ఆగవచ్చు, గడియారం మాత్రం ఆగదు. ఆరు నిమిషాలు మరీ కష్టమైతే రెండు నిమిషాల నడక చేయిస్తారు. ఆరు నిమిషాల పరీక్ష చెప్పేదాన్నే అది కూడా చాలావరకు చెబుతుంది.

ఆ రోజు ఇక వేరే పనులు పెట్టుకోకండి. పరీక్ష అయ్యాక స్కూటర్ మీద ఒంటరిగా ఇంటికి వెళ్లకండి.

కుర్చీలోంచి లేచి, నడిచి, తిరిగి వచ్చి కూర్చోమన్నారు. అదెందుకు?

లేవడం, 3 మీటర్లు నడవడం, వెనక్కి తిరగడం, కూర్చోవడం, వీటన్నిటికీ కలిపి పట్టిన సమయం చూస్తారు. ఇంట్లో రోజంతా చేసే పని ఇదే. తిరిగేటప్పుడు తూలుతున్నారా అన్నది సెకన్లకంటే ముఖ్యం.

డాక్టరుగారి ముందు బాగానే నడుస్తాను. ఇంటికొచ్చాక గోడ పట్టుకుంటాను. నేను నటిస్తున్నానని అనుకుంటారేమో?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు చాలామంది గొంతు వణుకుతుంది. మీరు నటించడం లేదు.

ఆస్పత్రి కారిడార్ నున్నగా, వెలుతురుగా ఉంటుంది. ఎవరో చూస్తున్నారు, చిన్న దూరం, మనసంతా నడక మీదే. మనిషి తన పూర్తి శక్తి పెడతాడు. అక్కడ కనిపించేది మీరు గరిష్ఠంగా ఎంత చేయగలరు అన్నది. ఇంట్లో ఒక చేత్తో సాంబారు గిన్నె, వెనకనుంచి పిల్లాడి కేక, తడి నేల, సాయంత్రం ఏడింటి అలసట. అక్కడ కనిపించేది మీరు రోజూ నిజంగా ఎంత చేస్తున్నారు అన్నది. రెండూ నిజమే, రెండూ వేర్వేరు కొలతలు. నడుస్తూ మాట్లాడటం, నడుస్తూ ఆలోచించడం ఎమ్మెస్ ఉన్నవారి వేగాన్ని తగ్గిస్తుందని పరిశోధనల్లో పదేపదే తేలింది. ఇంట్లో మనం ఊరికే నడిచేది ఎప్పుడు? ఎప్పుడూ ఏదో పని చేస్తూనే నడుస్తాం.

అందుకని ఇంటి సాక్ష్యం తీసుకెళ్లండి. ఇబ్బంది ఎక్కువగా ఉన్న వేళ ఇంట్లోవాళ్లతో 30 సెకన్ల వీడియో తీయించండి. పక్కనుంచి ఒకటి, ఎదురుగా ఒకటి, పాదాలు కనిపించేలా. చీర గానీ నైటీ గానీ పాదాలను కప్పేస్తే ఏమీ తెలియదు, కాస్త పైకి దోపుకోండి. ఉదయపు వీడియో, సాయంత్రపు వీడియో పక్కపక్కన చూస్తే ఏ న్యూరాలజిస్టుకైనా నిమిషంలో విషయం అర్థమవుతుంది.

12 ప్రశ్నల కాగితం ఇచ్చి నింపమన్నారు. మా అమ్మకు ఇంగ్లీషు రాదు, నేనే నింపేయొచ్చా?

చదివి వినిపించండి, జవాబు మాత్రం అమ్మదే కావాలి. ఆ కాగితాన్ని ఎమ్మెస్ వాకింగ్ స్కేల్-12 అంటారు. 2003లో వచ్చింది. గడిచిన రెండు వారాల్లో నడక, పరుగు, మెట్లు, నిలబడి పనిచేయడం, తూలడం, దూరం, నడవడానికి పడే శ్రమ, నడిచేటప్పుడు పెట్టాల్సిన ధ్యాస వంటివాటిలో ఎమ్మెస్ వల్ల ఎంత ఇబ్బంది కలిగిందో అడుగుతారు. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా అంకె. మొత్తం 12 నుంచి 60 మధ్య వస్తుంది. అందులోంచి 12 తీసేసి, 48తో భాగించి, 100తో గుణిస్తే 0–100 లెక్కలోకి మారుతుంది. 36 వస్తే 50 అన్నమాట. ఎక్కువ వస్తే ఇబ్బంది ఎక్కువ.

అమ్మలు తమ ఇబ్బందిని తక్కువ చేసి చెబుతారు, పిల్లలు భయంతో ఎక్కువ చేసి చెబుతారు. ఇద్దరి అభిప్రాయం వేరైతే మీది వేరే కాగితం మీద రాసి ఇవ్వండి. ప్రతిసారీ చదివి వినిపించేది ఒకే మనిషి అయితే మంచిది.

## ఇంట్లో కొలుచుకోవడం

25 అడుగుల నడకను ఇంట్లో ఎలా కొలవాలి?

నేరుగా పదకొండు, పన్నెండు మీటర్ల ఖాళీ జాగా కావాలి. మన ఫ్లాట్లలో హాల్లో అంత దొరకదు. లిఫ్టు ముందున్న కారిడార్ గానీ, కింద పార్కింగ్‌లో చదునైన చోటు గానీ బాగుంటుంది. టేపుతో 7.62 మీటర్లు కొలిచి రెండు చివరలా రంగు టేపు అంటించండి. రెండడుగుల టైల్స్ పన్నెండున్నర లెక్కపెడితే చాలదా అంటారు. ఆ టైలు నిజానికి 60 సెంటీమీటర్లే, లెక్క తేడా వస్తుంది. టేపే వాడండి.

మొదటి గీత వెనక నిలబడాలి. రెండో గీత దాటి ఇంకో మీటరు వెళ్లాకే ఆగాలి, లేకపోతే గీత దగ్గరికి రాగానే వేగం తగ్గిపోతుంది. పాదం మొదటి గీత మీదుగా కదిలినప్పుడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కాలి, రెండో గీత దాటగానే ఆపాలి. ఆ పని నడిచేవాళ్లు కాదు, వేరేవాళ్లు చేయాలి. పడిపోతారన్న అనుమానం ఉంటే మూడో మనిషి అర అడుగు వెనగ్గా, పక్కగా నడవాలి. చెయ్యి పట్టుకోకూడదు, పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి.

ప్రతిసారీ అవే చెప్పులు లేదా బూట్లు, అదే జాగా, అదే వేళ. రెండుసార్లు నడిచి, మధ్యలో ఒక నిమిషం కూర్చుని, రెండు సమయాలూ రాయండి. దశాంశంతో రాయండి: 6.4, 6.7. గుండుగుత్తగా "ఆరు" అని రాస్తే పనికిరాదు. ఆరు నిమిషాల పరీక్షను మాత్రం ఇంట్లో సొంతంగా చేయొద్దు, అది పర్యవేక్షణలోనే.

ఎన్నాళ్లకోసారి కొలవాలి? రోజూ కొలిస్తే మంచిది కదా?

వద్దు. రోజూ కొలిస్తే అంకె రోజూ ఊగుతుంది, దాంతోపాటు మీ మనసూ ఊగుతుంది. నిద్ర చాలని రోజు, నెలసరి రోజు, ఎండెక్కిన రోజు వేరుగా ఉంటాయి. స్థిరంగా ఉన్నప్పుడు మూడు నెలలకోసారి చాలు. కొత్త మందు మొదలైనప్పుడు, రిలాప్స్ (జబ్బు మళ్లీ విజృంభించడం) తర్వాత కోలుకుంటున్నప్పుడు మీ డాక్టరు గానీ ఫిజియో గానీ చెప్పిన ప్రకారం దగ్గర దగ్గరగా చేయండి.

వాచీలో, ఫోన్‌లో కనిపించే అడుగుల లెక్కను నమ్మొచ్చా?

కొంతవరకు. మణికట్టు వాచీ చేతి ఊపును బట్టి అడుగులు లెక్కిస్తుంది. నెమ్మదిగా నడిచేవాళ్లకు, వాకర్ పట్టుకున్నవాళ్లకు, సూపర్‌మార్కెట్‌లో ట్రాలీ తోసేవాళ్లకు చెయ్యి ఊగదు కాబట్టి అది తక్కువ చూపిస్తుంది. గుంతల రోడ్డు మీద బండి కుదుపులకు లేని అడుగులు కలుపుతుంది కూడా. ఫోన్ అయితే జేబులో ఉన్నంతసేపే లెక్క, చార్జింగ్‌లో పెట్టి వంటింట్లో నడిచిన నడక అందులో ఉండదు.

మీ వాచీని మీరే పరీక్షించండి. నోటితో లెక్కపెడుతూ 100 అడుగులు వేసి, వాచీ ఎంత పెంచిందో చూడండి. 90 పైన చూపిస్తే పరవాలేదు. 60 దగ్గర ఉంటే మీ నడకకు అది సరిపడదు, నడుముకు లేదా చీలమండకు పెట్టుకునే పరికరం గురించి ఫిజియోను అడగండి. ఏది వాడినా మార్చకుండా వాడండి. పరికరం మారితే పాత లెక్కతో పోల్చలేరు.

రోజుకు 10,000 అడుగులు వేయాలంటున్నారు. నాకు 4,000 దాటట్లేదు. దిగులుగా ఉంది.

ఆ 10,000 ఎమ్మెస్ కోసం పుట్టిన అంకె కాదు. 1960లలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరంతో ప్రచారంలోకి వచ్చింది. మీరు పోల్చుకోవాల్సింది పక్కింటివాళ్లతో కాదు, నిరుటి మీతో.

ఒక్క రోజు లెక్కకు విలువ లేదు. కనీసం వారం రోజుల సగటు తీయండి, సెలవు రోజులూ కలిపి. ఎమ్మెస్ ఉన్నవారిలో రోజుకు సుమారు 800 అడుగుల తేడా వస్తే అది జీవితంలో తెలిసేంత మార్పు అని పరిశోధకుల అంచనా. ఏడాదిపాటు ఫిట్‌బిట్ అనే అడుగుల వాచీ పెట్టి చూసిన ఒక అమెరికా అధ్యయనం 2019లో వచ్చింది. క్లినిక్ పరీక్షల్లో తేడా కనిపించని కొందరిలో కూడా రోజువారీ అడుగులు తగ్గాయని అందులో తేలింది. అంటే మీ 4,000కు విలువ ఉంది. అది నిలకడగా ఉందా, జారుతోందా అన్నదే చూడాలి. వర్క్ ఫ్రమ్ హోమ్ మొదలైనా, ఇల్లు మారినా అడుగులు తగ్గుతాయి, జబ్బుకు సంబంధం లేకుండానే. ఆ సంగతి పక్కన రాయండి.

అంకెలు కాకుండా ఇంకేం రాసుకోవాలి?

నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉంది. అంకె ఎంత తగ్గిందో చెబుతుంది, మీరు ఏం వదులుకున్నారో చెప్పదు.

శనివారం గుడికి వెళ్లడం మానేశారా? చెప్పులు విడిచి రాతి నేల మీద క్యూలో నిలబడటం కష్టమైందా? బట్టలు ఆరేయడానికి టెర్రస్ మీదికి ఎక్కడం మానేసి బాల్కనీలోనే ఆరేస్తున్నారా? దోసెలు పోసేటప్పుడు స్టూలు వేసుకుంటున్నారా? రాత్రి బాత్రూమ్‌కి వెళ్లేటప్పుడు ఏ గోడ, ఏ బీరువా పట్టుకుంటున్నారు? చెప్పు కాలి నుంచి మీకు తెలియకుండానే జారిపోతోందా? ఒక చెప్పు ముందుభాగం మాత్రమే అరిగిపోతోందా? పాత చెప్పులు పారేయకుండా ఫిజియోకు చూపించండి, పాదం ఎలా ఈడుస్తున్నారో అరుగుదల చెప్పేస్తుంది. పెళ్లిళ్లకు వెళ్లి భోజనాల పైఅంతస్తుకు ఎక్కలేక తినకుండా వచ్చేస్తున్నారా?

నెలకోసారి ఇలాంటివి నాలుగైదు వాక్యాలు రాయండి. ఇంట్లోవాళ్లు తమకు కనిపించింది విడిగా రాయాలి. మాటలకు మొహమాటపడొద్దు. "ఎడమకాలు నాది కాదన్నట్టు ఉంది" అని ఒకావిడ రాసుకొచ్చారు. ఆ ఒక్క వాక్యంతోనే ఏం పరీక్షించాలో తెలిసింది.

పడిపోయిన ప్రతిసారీ డాక్టరుకు చెప్పాలా? చిన్నవాటికి కూడానా?

చెప్పాలి. దెబ్బ తగలకపోయినా చెప్పాలి. పడబోయి తమాయించుకున్నవి కూడా రాయాలి. మూడు నెలల గడువులో చూసినా ఎమ్మెస్ ఉన్నవారిలో సగం మంది దాకా కనీసం ఒకసారి పడుతున్నారని వివిధ దేశాల అధ్యయనాల్లో కనిపించింది, కాబట్టి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఎక్కడ, ఏ వేళ, ఏం చేస్తూ, ఏ వైపుకు పడ్డారో రాయండి. పడతానన్న భయంతో నడక తగ్గించేస్తే కాళ్లు ఇంకా బలహీనపడతాయి.

## మార్పు కనిపించినప్పుడు

పోయినసారి 6.2 సెకన్లు, ఈసారి 6.9. జబ్బు ముదిరినట్టేనా?

తొందరపడకండి. 25 అడుగుల నడకలో సమయం 20 శాతం లేదా అంతకంటే ఎక్కువ పెరిగితేనే దాన్ని నిజమైన మార్పుగా సాధారణంగా లెక్కిస్తారు. 6.2కి 20 శాతం కలిపితే దాదాపు 7.4. మీ 6.9 ఆ గీతకు ఇవతలే ఉంది. వారం ఆగి, అదే వేళకు, అవే చెప్పులతో మళ్లీ కొలవండి. 7.4 దాటి, మళ్లీ కొలిచినా అలాగే ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా ఫోన్ చేసి చెప్పండి.

బెంగళూరులో బాగుంటాను. మేలో అనంతపురం వెళ్తే రెండు అడుగులు వేయలేను. ఎందుకు?

వేడి వల్ల. మైలిన్ దెబ్బతిన్న నరాల్లో ఒంటి ఉష్ణోగ్రత అర డిగ్రీ పెరిగినా సంకేతాలు మందగిస్తాయి. దీన్ని ఉథాఫ్ లక్షణం అంటారు. 1890లో జర్మన్ నేత్రవైద్యుడు విల్‌హెల్మ్ ఉథాఫ్ దీని గురించి రాశారు. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న బెంగళూరు నుంచి మే నెల రాయలసీమకు వెళ్తే తేడా తెలియకుండా ఉండదు. వేడినీళ్ల తలస్నానం, జ్వరం, వంటింటి సెగ కూడా ఇలాగే చేస్తాయి. ఒళ్లు చల్లబడితే నడక తిరిగి వస్తుంది, కొత్తగా నరం దెబ్బతిన్నట్టు కాదు. ఊరికి వెళ్లినప్పుడు పనులు తెల్లవారుజామున ముగించుకోండి, తడిగుడ్డ, చల్లటి నీళ్లు దగ్గర పెట్టుకోండి. కొలతలు మాత్రం అక్కడ తీయకండి. తీస్తే ఊరి పేరు, ఎండ సంగతి పక్కన రాయండి.

రెండు రోజులుగా కాలు ఈడుస్తున్నాను. రిలాప్సా, అలసటా? ఎలా తెలుస్తుంది?

కొత్త లక్షణం వచ్చినా, పాతది ముదిరినా, అది 24 గంటలకు పైగా ఆగకుండా ఉండి, జ్వరం గానీ ఇన్ఫెక్షన్ గానీ లేకపోతే రిలాప్స్ అని అనుమానిస్తారు. రెండు రోజులంటే ఆ గడువు దాటింది, ఈరోజే డాక్టరుకు ఫోన్ చేయండి. మూత్రంలో మంట, వాసన, ఒళ్లు వెచ్చబడటం ఉన్నాయా చూసుకోండి. మూత్ర ఇన్ఫెక్షన్ ఉన్నా నడక ఇలాగే పడిపోతుంది, అది తగ్గితే నడక కోలుకుంటుంది. పాత ప్రిస్క్రిప్షన్ చూసి మెడికల్ షాపులో స్టెరాయిడ్ కొనుక్కోవద్దు. రెండు కాళ్లూ ఒక్కసారిగా చచ్చుబడినా, మూత్రం ఆగిపోయినా ఫోన్లతో కాలం గడపకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

కర్ర పట్టుకుంటే కాళ్లు బద్ధకిస్తాయట కదా? అది లేకుండానే కొలవాలా?

కాళ్లు బద్ధకించవు. కర్ర లేక పడతానన్న భయంతో ఇంట్లోనే కూర్చుంటే అప్పుడు బలహీనపడతాయి. కర్రతో లాల్‌బాగ్‌లో అరగంట తిరగగలిగితే అదే మీ కాళ్లకు మేలు. రోజూ కర్రతో నడిచేవాళ్లు కర్రతోనే కొలవాలి, ఆ సంగతి రాయాలి. కొత్తగా కర్ర గానీ, పాదం పైకి పట్టి ఉంచే ఏఎఫ్‌ఓ అనే పట్టీ గానీ మొదలుపెడితే, ఒకే రోజు అది లేకుండా ఒకసారి, దానితో ఒకసారి కొలిస్తే ఎంత సాయపడుతోందో తెలుస్తుంది. ఎత్తు సరిగా లేని కర్ర నడుమునొప్పి తెస్తుంది. కొనేముందు ఫిజియోకు చూపించండి.

నడక మెరుగుపరిచే మాత్ర ఉందని విన్నాను. నిజమేనా?

ఉంది, ఫాంప్రిడిన్. అమెరికాలో 2010లో ఎమ్మెస్ నడక కోసం ఆమోదం పొందింది. మామూలుగా 10 మిల్లీగ్రాముల మాత్ర, 12 గంటల తేడాతో రోజుకు రెండు. జబ్బును ఆపదు, దెబ్బతిన్న నరంలో సంకేతం కాస్త మెరుగ్గా వెళ్లేలా చేస్తుంది. అందరికీ పనిచేయదు, సుమారు మూడింట ఒకరికి స్పష్టమైన తేడా కనిపిస్తుంది. మూర్ఛ ఉన్నవాళ్లకు, కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకు ఇవ్వరు.

కొలతల విలువ ఇక్కడ బాగా తెలుస్తుంది. మొదలుపెట్టే ముందు 25 అడుగుల సమయం, 12 ప్రశ్నల స్కోరు రాసిపెట్టుకోండి. రెండు నుంచి నాలుగు వారాలకు మళ్లీ చూస్తే మాత్ర పనిచేస్తోందో లేదో తేలిపోతుంది. తేడా లేకపోతే డాక్టరు ఆపేస్తారు. ముందు కొలత లేకుండా మొదలుపెట్టి నెలల తరబడి డబ్బు పోసినవాళ్లను చూసి చాలా బాధపడ్డాను.

## బయట తిరగడం, ఉద్యోగం, కాగితాలు

ఆఫీసుకు మెట్రోలో వెళ్లొచ్చా? నా కొలతలను బట్టి ఎలా నిర్ణయించుకోవాలి?

రైల్లో ప్రయాణం సులువే, కష్టం దాని ముందూ వెనకా ఉంటుంది. ఇంటి నుంచి స్టేషన్‌కి, గేటు నుంచి లిఫ్టుకి, మెజెస్టిక్‌లో లైను మారడానికి, దిగాక ఆఫీసు గేటుకి ఎంత నడవాలో విడివిడిగా రాయండి. మీరు ఆగకుండా నడవగల దూరంలో సగానికి మించిన ముక్క ఏదైనా ఉంటే అక్కడ ఆటో పెట్టుకోండి. సగం అని ఎందుకంటున్నానంటే, సాయంత్రం తిరిగి రావాలి కదా. మన ఫుట్‌పాత్‌ల మీద పైకి లేచిన రాళ్లు, తెరిచిన స్లాబులు, అడ్డంగా నిలిపిన బైకులు ఉంటాయి. నున్నటి కారిడార్‌లో నడిచిన 200 మీటర్లు, ఇక్కడి 200 మీటర్లు ఒకటి కావు.

ఆఫీసులో చెప్పాలా? ఏం చూపించాలి?

చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్పదలచుకుంటే జబ్బు చరిత్ర అంతా అక్కర్లేదు. "ఆగకుండా 150 మీటర్లు నడవగలను, మధ్యాహ్నం తర్వాత తగ్గుతుంది" అన్న ఫిజియో లేదా డాక్టరు ఉత్తరం చాలు. లిఫ్టుకు దగ్గర సీటు, గేటు దగ్గర పార్కింగ్ అడగడానికి అది పనికొస్తుంది.

ఎమ్మెస్‌కు వికలాంగుల సర్టిఫికెట్ ఇస్తారా?

ఇస్తారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది. చాలా ప్రయోజనాలకు వైకల్యం 40 శాతం లేదా అంతకుమించి ఉండాలి. యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు కోసం కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. శాతాన్ని ప్రభుత్వం గుర్తించిన వైద్య అధికారులే నిర్ణయిస్తారు, మీ ఇంటి కొలతలను బట్టి వేయరు. అయినా తేదీలతో ఉన్న పాత నడక రికార్డులు, పడిపోయిన వివరాలు, ఎమ్మారై రిపోర్టులు ఫైల్లో ఉంటే, ఆ రోజు బాగున్నట్టు కనిపించినా అసలు సంగతి చెప్పుకోవడానికి ఆధారం ఉంటుంది.

బెంగళూరులో ఎవరిని కలవాలి?

హోసూరు రోడ్డులో మెదడు, నరాల జబ్బులు చూసే నిమ్హాన్స్ ఆస్పత్రి ఉంది, అక్కడ న్యూరాలజీతోపాటు న్యూరో రిహాబిలిటేషన్ విభాగం కూడా ఉంది. 1985లో మొదలైన మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకు బెంగళూరు శాఖ ఉంది. ఫిజియోను ఎంచుకునేటప్పుడు ఎమ్మెస్ వాళ్లకు చికిత్స చేసిన అనుభవం ఉందా అని నేరుగా అడగండి. అలసిపోయేదాకా వ్యాయామం చేయించి "ఇంకా పది" అనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.

మా ఆయన వీల్‌చెయిర్‌కు మారారు. ఇక కొలవడానికి ఏముంది?

చాలా ఉంది. మంచం మీంచి కుర్చీలోకి ఎంత సాయంతో మారుతున్నారు, ఒక మనిషి చాలా ఇద్దరు కావాలా? పట్టుకుని ఎన్ని సెకన్లు నిలబడగలుగుతున్నారు? బాత్రూమ్‌లోకి వాకర్‌తో నాలుగు అడుగులు వేస్తుంటే ఆ నాలుగూ కొలతే. చేతుల పనితీరు ఇప్పుడు మరీ ముఖ్యం. తొమ్మిది చిన్న పుల్లలను రంధ్రాల్లో పెట్టి తీసే పరీక్షను ఒక్కో చేతికి విడిగా చేసి సెకన్లు రాస్తారు. చక్రాలు తానే తోసుకుంటూ ఎంత దూరం వెళ్తున్నారో కూడా అపార్ట్‌మెంట్ కారిడార్‌లో చూడండి. నిలబడే సమయం ఐదు సెకన్లు పెరిగితే ప్యాంటు తొడగడం ఒక్క మనిషి సాయంతో అయిపోవచ్చు. ఫిజియోను కలిసినప్పుడు మొదట ఈ విషయాలే చెప్పండి, వ్యాయామాలు వాటిని బట్టి నిర్ణయిస్తారు.